తోలుసూది చెప్పిన ఐదు దళాలు

బజారులో అందరూ ఆవిడను జిప్పులమ్మ అంటారు. పాత దుకాణాల భవనంలో పైకి వెళ్ళే మెట్ల కింద, కాస్త పొడుగు మనిషి నిలబడితే తల తగిలేంత గది ఆవిడ కొట్టు. ఒక పక్క గడియారాలు బాగుచేసే ముసలాయన, ఇంకో పక్క జిరాక్సు మిషను. సంచులు, సూట్‌కేసులు, బెల్టులు, కెమెరా పెట్టెలు అన్నీ బాగుచేస్తుంది. ఎంత తోలుపని వచ్చినా జనం తెచ్చేవి నూటికి తొంభై తెగిన జిప్పులే కాబట్టి ఆ పేరు అతుక్కుపోయింది. "నా చేత జీను కుట్టించుకునే మొనగాడు ఈ ఊళ్ళో లేడు, ఏం చేస్తాం" అని నవ్వేసేది.

జీను మాట గొప్పకు అన్నది కాదు. ఆవిడ తండ్రి గుర్రపుస్వారీ నేర్పే చోట జీనులు, కళ్ళేలు కుట్టేవాడు. ఆయన పక్కన కూర్చుని దారానికి మైనం రాసి ఇస్తూ పని నేర్చుకుంది. ఏ తోలు వారు ఎక్కడ రాసుకుంటుందో, ఏ బరువుకు ఎన్ని వరసల కుట్టు పడాలో ఆ వయసులోనే చేతికి ఎక్కింది. తండ్రి పోయాక ఆ పని పోయింది గానీ చేతికి ఎక్కిందెక్కడికి పోతుంది?

ఆరేళ్ళ క్రితం కొట్టు మెట్ల మీదే జారి కాలు విరిగింది. రెండు నెలలు మంచం దిగొద్దన్నారు. తల్లి లేని పిల్లాడని తను పెంచిన తమ్ముడు అప్పుడు తన పాత లాప్‌టాప్ తెచ్చి ఒళ్ళో పెట్టాడు.

"ఊరికే పడుకుంటే పిచ్చెక్కుతుందక్కా. ఇదిగో, ఇందులో నీకొక రాజ్యం ఇస్తున్నా. ఏలుకో."

పాత కాలపు రాజ్యాల ఆట అది. పొలం వేయాలి, కట్టెలు కొట్టించాలి, కోట కట్టాలి, దళాలను తయారుచేసి పక్కవాడి మీదకు పంపాలి. మొదటిరోజు కట్టెలు కొట్టేవాళ్ళను తోడేళ్ళు తినేస్తే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మూడో వారానికి తమ్ముడి కోట కూల్చింది. బస్సు డిపోలో మెకానిక్కుగా చేసే మొగుడు పక్కింటివాళ్ళతో, "మా మహారాణిగారు యుద్ధంలో ఉన్నారండీ, ఇవాళా వంట నాదే" అని చెప్పుకునేవాడు. కాలు అతుక్కుంది. ఆట మాత్రం వదల్లేదు. ఆట తయారుచేసినవాళ్ళు ఆడేవాళ్ళంతా మాట్లాడుకోవడానికి ఒక చర్చావేదిక నడుపుతారు. అందులో కూడా తమ్ముడే ఖాతా తెరిచి పెట్టాడు. అక్కడ ఆవిడ పేరు తోలుసూది. జిప్పులమ్మ అని ఎవరూ పిలవని చోటు ప్రపంచంలో అదొక్కటే.

ప్రతి ఆదివారం తమ్ముడు భోజనానికి వచ్చేవాడు, తిని ఇద్దరూ ఆడుకునేవాళ్ళు. రెండేళ్ళ క్రితం అతనికి, ఆటలు తయారుచేసే ఒక కంపెనీలో, బయటికి రాకముందే వాటిని ఆడి తప్పులు పట్టే ఉద్యోగం వచ్చింది. లోపలి సంగతులు ఎవరికీ చెప్పనని కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారట.

"ఏ ఆటరా నువ్వు చూసేది?" అని ఒక్కసారే అడిగింది.

"అడక్కు అక్కా. చెబితే ఉద్యోగం ఊడుతుంది."

మళ్ళీ అడగలేదు. కానీ గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఈ ఆట మాట వస్తే చాలు తమ్ముడు లేచి నీళ్ళకు వెళ్ళేవాడు. ఆదివారాలు ఆడటం మానేశాడు. అతను పనిచేస్తున్నది ఈ ఆట మీదేనని ఆవిడకు అర్థమైంది. అర్థమైందని అతనికీ అర్థమైంది. ఇద్దరూ నోరు మూసుకున్నారు.

ఈ ఏడాది వానలు మొదలయ్యే రోజుల్లో వేదికలో ఒక బొమ్మ పెట్టారు. ఆటకు కొత్త భాగం రాబోతోంది, పేరు 'ఎడారి దారులు'. బొమ్మలో మనుషులు లేరు. ఒక చీకటి సామాను గది. గోడ నిండా కొక్కేలు. కొక్కేలకు జీనులు, పట్టీలు, వార్లు. కింద ఒకే వాక్యం: "ఐదు కొత్త దళాలు దారిలో ఉన్నాయి. ఎవరో చెప్పుకోండి చూద్దాం."

వేదిక సంతలా మారింది. నిప్పులు కక్కే బండ్లని ఒకడు, ముసుగు హంతకులని ఇంకొకడు. మా తాత కలలో కనబడి చెప్పాడు, గద్దల దళం అని మరొకడు. జిప్పులమ్మ మధ్యాహ్నం కొట్టులో కూర్చుని, కుట్లు చూసుకునే భూతద్దం తీసి ఫోను మీద పెట్టింది. ఆ బొమ్మ గీసినవాడు ఎవడోగానీ తోలు తెలిసినవాడు. ఏ వారు ఎక్కడ నలుగుతుందో అక్కడే నలిపి గీశాడు.

మొదటి జీనుకు కాలు పెట్టే రికాబు ఎడమవైపే ఉంది. కుడివైపుది తెగిందేమో అనుకుంది. తెగితే అది తగిలించే ఉంగరమైనా ఉండాలి కదా. ఉంగరం లేదు, రాపిడి మచ్చా లేదు. అంటే అసలు కుట్టనేలేదు. ఒక్క రికాబు గుర్రం ఎక్కడానికి పనికొస్తుంది, దానిమీద నిలదొక్కుకుని పొడవడానికి పనికిరాదు. జీను పక్కన ఈటె దోపుకునే తోలు గొట్టం ఉంది, కాబట్టి వీళ్ళు గుర్రం మీద వచ్చి, దిగి పోట్లాడే ఈటెగాళ్ళు. రెండోది రెండు మెత్తలను ముందూ వెనకా కర్రలతో కలిపి, నడుమ ఖాళీ వదిలిన జీను. ఆ ఖాళీలో మూపురం దూరుతుంది. ఒంటెల దళం. మూడో కొక్కేనికి సన్నని వారు, మధ్యలో అరచేయంత వెడల్పు, ఒక కొస పొడుగు కర్రకు కట్టి ఉంది. రాళ్ళు రువ్వే వడిసెల, అదీ కర్ర వడిసెల. నాలుగోది నడికట్టు, ముందువైపు రెండు పళ్ళ ఇనప కొక్కెం. విల్లును కాలితో తొక్కిపట్టి, నారిని కొక్కేనికి తగిలించి, నడుముతో లాగి ఎక్కుపెట్టే విలుకాళ్ళది.

ఐదోది దగ్గరికొచ్చేసరికి భూతద్దం ఆగిపోయింది. వెడల్పాటి వారు, లోపల ఉన్ని మెత్త, రెండు కొసలకూ దిట్టమైన ఉంగరాలు. బరువు లాగే వారు అని చూడగానే తెలుస్తోంది. లాగేదెవరు? దాని పక్కన కొలతకు ఇంకో వస్తువు లేదు, అందుకని అది జానెడో మూరెడో తేల్చడానికి లేదు. ఏనుగులు అయ్యుండాలి, లేదా విలుకాళ్ళను ఎక్కించుకుని ఎడ్లు లాగే యుద్ధపు బండ్లు. నాలుగు రోజులు తల బద్దలుకొట్టుకుంది. ఒకపూట ఏనుగు, ఒకపూట ఎద్దు.

ఆదివారం తమ్ముడు భోజనానికి వచ్చాడు. వడ్డిస్తూ వడ్డిస్తూ, ఎవరితోనూ కాదన్నట్టు అంది.

"నాకైతే అవి ఏనుగులనిపిస్తోంది."

తమ్ముడు తల ఎత్తలేదు. ముద్ద కలుపుకుంటున్నాడు.

"కాదంటే ఎడ్లబళ్ళు. పైన విలుకాళ్ళు."

నీళ్ళగ్లాసు మీదకు వెళ్తున్న అతని చెయ్యి ఆగింది. రెప్పపాటు. అంతే. మళ్ళీ గ్లాసెత్తి తాగి, "బావా, మీ డిపోలో కొత్త బస్సులొచ్చాయట?" అని అటు తిరిగాడు.

జిప్పులమ్మ కూరగిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. దొరికింది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, తను చూసింది ఎవరూ చూడలేదనుకుంది.

మర్నాడు ఐదూ రాసి వేదికలో పెట్టింది. నాలుగింటికి కుట్టు కుట్టుకూ కారణం చెప్పింది. ఐదోదానికి మాత్రం, "ఈ వెడల్పు ఎద్దు మెడకు సరిగ్గా సరిపోతుంది, యుద్ధపు బండ్లే, సందేహం లేదు" అని రాసింది. ఆ 'సందేహం లేదు' రాసేటప్పుడు వేలు కొంచెం వెనకాడింది. అయినా నొక్కేసింది.

రెండు రోజుల్లో వేలమంది చదివారు. గద్దల దళంవాడు కూడా వచ్చి, "అక్కా, మా తాత మీ కాళ్ళకు దండం పెట్టమన్నాడు" అని రాశాడు. జిప్పులమ్మ ఒక సంచికి జిప్పు వేస్తూ తనలో తానే నవ్వుకుంటుంటే గడియారాల ముసలాయన తొంగిచూసి, "ఏవమ్మా, లాటరీ తగిలిందా?" అన్నాడు.

శుక్రవారం సాయంత్రం తమ్ముడు కొట్టుకు వచ్చాడు. ఎప్పుడూ కొట్టుకు రాడు. తల వంచి లోపలికి వచ్చి, జిప్పుల డబ్బా పక్కకు జరిపి స్టూలు మీద కూర్చున్నాడు.

"అక్కా, తోలుసూది పేరుతో ఆ ఐదు దళాల గురించి రాసింది నువ్వేగా?"

"నేనే! చూశావా, ఎంతమంది..."

"ఆ ఖాతా ఎవరి మెయిలుతో తెరిచామో గుర్తుందా?"

ఆవిడకు చప్పున తట్టలేదు. తట్టాక చేతిలో కత్తెర కింద పెట్టింది.

"నా మెయిలుతో," అన్నాడు తమ్ముడు. "నీకు మెయిలు లేదని నాది పెట్టాను. ఆ వేదిక నడిపేది మావాళ్ళే, తోలుసూది అంటే వాళ్ళ లెక్కలో నేనే. పొద్దున పిలిచి నా కార్డు తీసేసుకున్నారు. తేల్చేదాకా ఇంట్లో కూర్చోమన్నారు."

"అయ్యో! నువ్వేం చెప్పలేదు కదరా నాకు!"

"చెప్పలేదు. నాకు తెలుసు, నీకు తెలుసు. వాళ్ళకెలా తెలుస్తుంది?"

"అంటే... నేను రాసినవి సరైనవేనా?"

తమ్ముడు ఆవిడ వైపు చూసిన చూపు జన్మలో మరిచిపోలేనిది. "ఇప్పుడు కూడా అదేనా అక్కా నువ్వడిగేది? సరైనవో కాదో నేను చెప్పకూడదు. ఈ పనిలో నోరు జారాడని ఒకసారి పేరు పడితే మళ్ళీ ఎవరూ గడప తొక్కనివ్వరు. తెలుసా?"

అతను వెళ్ళాక కొట్టు మూసేయడానికి తాళంచెవి ఎక్కడ పెట్టిందో కనబడక పది నిమిషాలు వెతికింది. అది మెడలోని తాడుకే వేలాడుతోంది.

ఇంటికి రాగానే, రాసినదంతా తుడిచేస్తానంది. మొగుడు చెయ్యి పట్టి ఆపాడు.

"తుడిచేస్తే దొంగ చేతులు కడుక్కున్నట్టుంటుంది. ఉండనీ. నీ అంతట నువ్వు కనిపెట్టావుగా, భయమెందుకు?"

నాలుగు తన అంతట తను కనిపెట్టింది. ఐదోది?

ఆ రోజు నుంచి పనిలో చెయ్యి ఆడలేదు. ఒక బడిసంచికి భుజం పట్టీ తిరగేసి కుట్టింది. ఒకాయన బెల్టుకు కన్నాలు తప్పుడు వైపు పొడిచింది. ఫోను మోగితే ఉలిక్కిపడేది, మోగకపోతే ఇంకా భయమేసేది. కళ్ళు మూసినా తెరిచినా ఆ నీళ్ళగ్లాసూ, దాని దగ్గర ఆగిన చెయ్యీ కనబడేవి. తమ్ముడు నోరు విప్పలేదు, నిజమే. కానీ తను వాడి మొహంలోంచి లాగేసింది. పెంచిన చేత్తోనే వాడి జేబు కొట్టినట్టయింది. ఇది వాడికి తెలియదు. తెలియకుండానే రోడ్డున పడతాడేమో.

నాలుగో రోజుకు ఆగలేక మొగుడికి చెప్పింది. ఆయన చేతులకున్న గ్రీజు గుడ్డతో తుడుచుకుంటూ అడిగాడు.

"వాడు అన్నం తింటుంటే నువ్వు వాడి మొహం చూశావు. అది నేరమా?"

"నేరం కాదు. కానీ ఆ ఐదోది సరైనదైతే, బయటికొచ్చింది వాడి దగ్గర్నుంచే కదండీ."

"అయితే నాలుగు చెప్పు, ఐదోది మింగేయ్. వెడల్పు చూసి కనిపెట్టానను. ఎవడు కాదంటాడు?"

అదే మేలనుకుంది. తమ్ముడికి ఫోను చేసి, "మీవాళ్ళను అడుగు, నేను వచ్చి ఎలా కనిపెట్టానో చూపిస్తాను" అంది. అతను వద్దన్నాడు, తర్వాత అడిగాడు. ఎనిమిదో రోజు ఉదయం పదకొండింటికి రమ్మన్నారు.

పాత వార్లు, ఒక కళ్ళెం, తండ్రి కుట్టిన చిన్న జీను మెత్త సంచిలో వేసుకుని వెళ్ళింది. గుమ్మం దగ్గర ఫోను ట్రేలో పెట్టించుకుని, చొక్కాల మీద అంటించే చీటీ ఒకటి ఇచ్చారు. నాలుగో అంతస్తులో అద్దాల గది. బల్లకు అటువైపు కళ్ళజోడు పెట్టుకున్న అధికారిణి, పక్కన సైనికుల బొమ్మలు గీసే విభాగంవాడని పరిచయం చేసిన గడ్డపతను. తమ్ముడు గోడవార కుర్చీలో ఉన్నాడు. పెళ్ళిచూపులకు కొన్న చొక్కా వేసుకొచ్చాడు.

"మీరు చెప్పండమ్మా. ఇవి సరైనవో కావో మేము చెప్పం. మీకెలా తట్టాయో చెప్తే చాలు," అంది అధికారిణి.

జీను మెత్త బల్లమీద పెట్టాక చేతులు వాటంతట అవే మాట్లాడాయి. ఉంగరం లేకపోతే రాపిడి ఎందుకుండదో చూపించింది. వడిసెలలో రాయి ఎక్కడ కూర్చుంటుందో, అక్కడ తోలు ఎందుకు సాగుతుందో చూపించింది. తన నడుముకు కొక్కెమున్న బెల్టు కట్టుకుని, సంచి కాడను నారిలా కొక్కేనికి తగిలించి వెనక్కి వంగి లాగింది. బొమ్మలతను కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"కుడివైపు ఉంగరం లేదని గమనించారా! అది గీయడానికి నేను వారం..." అనబోయి అధికారిణి చూపు తగిలి ఆగిపోయాడు. కాసేపటికి మళ్ళీ, "ఎంత చిన్నది, ఎలా చూశారు?" అన్నాడు.

"అది చూడకపోతే ఇంకేం చూస్తాను బాబూ? నా తిండే అది."

అధికారిణి నవ్వలేదు గానీ కాగితం మీద ఏదో రాసుకుంది. "మంచిది. ఇక ఐదోది?"

జిప్పులమ్మ సంచిలోంచి వెడల్పాటి వారు తీసింది. ఎద్దు మెడ చుట్టుకొలత ఇంత, కాబట్టి వెడల్పు ఇంత అని చెప్పడానికి ఇంటి దగ్గర మూడుసార్లు వల్లెవేసుకుని వచ్చింది. వారు బల్లమీద పరిచింది. కొలటేపు తీసింది. టేపు మీద అంకెలు అలుక్కుపోయాయి. గోడవైపు చూడకూడదనుకుంటూనే చూసింది. తమ్ముడు తన బూట్ల వైపు చూస్తూ కూర్చున్నాడు, చిన్నప్పుడు మాస్టారు కొట్టబోయే ముందు కూర్చున్నట్టే.

"ఐదోది నాకు తట్టలేదండీ," అంది.

కొలటేపు చుట్టి సంచిలో పడేసింది.

"ఏనుగా ఎద్దా తేల్చుకోలేకపోయాను. మా తమ్ముడు భోజనం చేస్తుంటే రెండు పేర్లూ వాడి ముందు అన్నాను. వాడు ఒక్క మాటా అనలేదు. ఎడ్లబళ్ళు అనేసరికి చెయ్యి ఆగింది. నేను చూశాను. చూసి రాసేశాను. వాడు చెప్పింది కాదు, నేను దొంగిలించింది. నేను చూశానని వాడికి ఇప్పటిదాకా తెలియదు. శిక్షేదైనా ఉంటే నాకు వెయ్యండి. ఆ ఆట మళ్ళీ ముట్టుకోవద్దంటే ముట్టుకోను."

బొమ్మలతనూ అధికారిణీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బొమ్మలతను దగ్గొచ్చినట్టు పిడికిలి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. అధికారిణి, "ఒక్క నిమిషం" అని అతన్ని తీసుకుని బయటికి వెళ్ళింది. ఒక్క నిమిషం ఇరవై నిమిషాలైంది. అక్కాతమ్ముళ్ళు ఆ గదిలో చెరోవైపు కూర్చున్నారు. ఆవిడ రెండుసార్లు "ఒరేయ్" అంది. అతను బూటు తాడు విప్పి మళ్ళీ కట్టుకున్నాడు.

తిరిగొచ్చి అధికారిణి రెండు కాగితాల మీద సంతకం పెట్టించుకుంది. "మూడు రోజుల్లో కబురు చేస్తాం. ఇకమీద మీ ఖాతా మీ మెయిలుతోనే ఉంచుకోండి." గుమ్మందాకా వచ్చి ఒక క్షణం ఆగింది. "ఆ ఐదోదాని గురించి మరీ బెంగపెట్టుకోకండమ్మా" అంది. అది దయతో అన్నదో, దెప్పుతూ అన్నదో జిప్పులమ్మకు అంతుపట్టలేదు.

మెట్ల మీద తమ్ముడు ముందు దిగుతున్నాడు. రెండో అంతస్తులో ఆగి వెనక్కి తిరిగాడు.

"నా మొహం చదివావా?"

"తప్పయిపోయిందిరా."

"ఇంట్లో కూడా మొహం దాచుకుని తినాలా అక్కా నేను?"

బస్సులో అతను ముందు సీట్లో కూర్చున్నాడు, ఆవిడ వెనక సీట్లో.

మూడు రోజులు అన్నారు గానీ ఐదు రోజులు పట్టింది. ఆ ఐదు రోజులూ ఆవిడ తిన్నది ఒక పూట తిండికి సరిపోదు. నిజం చెప్పి వాడి నోట మట్టి కొట్టానేమో అని ఒకసారి, అబద్ధం చెప్పినా దొరికిపోయేదాన్నని ఒకసారి. మొగుడు, "నువ్వు చెప్పింది చెప్పేశావు, ఇక పొయ్యి మీద పెట్టిన కుండను మాటిమాటికీ కెలకకు" అని కసిరాడు. ఆయన మాత్రం డిపోలో అదే సంగతి నలుగురికీ చెప్పి సలహా అడిగి వచ్చాడని తర్వాత తెలిసింది.

ఆరో రోజు పొద్దున తమ్ముడి దగ్గర్నుంచి ఫోనులో ఒక్క ముక్క వచ్చింది: "రేపట్నుంచి రమ్మన్నారు." దాని ముందు అక్కా అని లేదు, వెనక ఏమీ లేదు. కొట్టులో కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. గడియారాల ముసలాయన ఏమీ అడక్కుండా టీ తెప్పించి బల్లమీద పెట్టి వెళ్ళాడు.

ఉద్యోగం దక్కింది గానీ ఆదివారాలు దక్కలేదు. ఒక వారం పని ఉందన్నాడు, ఇంకో వారం ఒంట్లో బాగాలేదన్నాడు, మూడో వారం ఏమీ అనలేదు. ఆవిడ మూడు కంచాలు పెట్టి, ఒకటి తీసేసేది. తన పేర ఒక మెయిలు పెట్టించుకుని ఖాతా దానికి మార్పించింది. వేదికలో జనం, "తోలుసూది అక్కా, ఇంకేం కనిపెట్టావు?" అని అడుగుతూనే ఉన్నారు. ఆవిడ జవాబివ్వలేదు.

ఏడో వారం 'ఎడారి దారులు' విడుదలైంది. శనివారం మధ్యాహ్నం. ఆవిడ కొట్టు తెరవలేదు. లాప్‌టాప్ ముందు కూర్చుంది గానీ తెరవడానికి భయమేసింది. తెరిస్తే ఐదోది తేలిపోతుంది. ఎడ్లబళ్ళే అయితే, తను తమ్ముడి దగ్గర దొంగిలించింది నిజమైన సొత్తే అన్నమాట. మొగుడు వెనక నిలబడి, "తెరువు, అదేమన్నా పామా?" అన్నాడు.

దిగి పోట్లాడే ఈటెగాళ్ళు ఉన్నారు. ఒంటెలు ఉన్నాయి. కర్ర వడిసెలవాళ్ళు, నడుముతో విల్లు ఎక్కుపెట్టేవాళ్ళు. ఐదో గుర్తు నొక్కింది. ఎడ్లు లేవు. బళ్ళూ లేవు. ఎనిమిదిమంది మనుషులు, ఎదురురొమ్ముకు అడ్డంగా ఉన్ని మెత్త వార్లు వేసుకుని, కోటగోడలు కూల్చే రాళ్ళయంత్రాన్ని ఇసుకలో లాక్కుంటూ వెళ్తున్నారు.

"మనుషులు," అంది ఆవిడ. మళ్ళీ అంది, "మనుషుల వారండీ అది! జానెడు వెడల్పే. ఉన్ని మెత్త ఎద్దుకెందుకు వేస్తారు? మా నాన్న ఉంటే నెత్తిన మొట్టేవాడు."

ఎవరో తలుపు తట్టారు. తమ్ముడు. చెప్పులు విడిచి లోపలికి వచ్చి, తెర వైపు చూసి, ఆవిడ వైపు చూశాడు. రెండు నెలల్లో సన్నబడ్డాడు.

"చూసేశావా?"

"చూశాను. తప్పు రాశాను."

"ఆ తప్పే నన్ను కాపాడింది అక్కా. నేను చెప్పిందైతే తప్పెందుకుంటుంది? మొదట నేనే కళ్ళు కప్పడానికి ఒకటి తప్పు పెట్టాననుకున్నారట, నువ్వు నా మొహం చూసి రాశానని చెప్పగానే వాళ్ళకు తేలిపోయింది. గండం గడిచిందని నాకూ అక్కడే తేలిపోయింది. కానీ ఆట బయటికొచ్చేదాకా నీకు చెప్పడానికి లేదు. చెప్తే అది నిజంగా చెప్పినట్టే కదా."

"మరి ఆ రోజు చెయ్యెందుకు ఆగిందిరా?"

తమ్ముడు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "నువ్వు ఏనుగులు అనగానే ఏం కదిలినా దొరికిపోతానని బిగబట్టుకున్నా. ముద్ద కూడా లెక్కపెట్టి కలుపుతున్నా. రెండోసారి నువ్వు మళ్ళీ మొదలుపెట్టేసరికి, ఇక ఈ ఇంటికి రాకూడదేమో అనిపించింది. దానికి ఆగింది చెయ్యి. ఎడ్లకు కాదు."

ఆవిడ తలవంచుకుంది. మొగుడు కలగజేసుకున్నాడు.

"సరేగానీ బామ్మర్దీ, ఇప్పుడు బయటికొచ్చేసింది కదా, దీని గురించి మాట్లాడొచ్చా?"

"దీని గురించి ఎంతైనా మాట్లాడొచ్చు బావా. నేను వేరే జట్టుకు మార్చమని అడిగాను, మార్చారు. ఇప్పుడు చూసేది చిన్నపిల్లల బొమ్మల ఆట. దాంట్లో అక్క కనిపెట్టడానికి ఏమీ లేదు."

"పిల్లల ఆటలో ఏముంటుందిరా?" అనేసి, ఆవిడ వెంటనే నాలుక కరుచుకుంది. "వద్దు, చెప్పకు. నేనడగలేదు."

అతను నవ్వలేదు. కానీ లేవనూ లేదు. తన సంచిలోంచి లాప్‌టాప్ తీసి ఆవిడ ఎదురుగా బల్లమీద పెట్టి, తీగ గోడకు తగిలించాడు. సాయంత్రందాకా ఆడారు. ఆవిడ ఒంటెల దళాన్ని నమ్ముకుంది. అతను రాళ్ళయంత్రాలను ఇసుక మీదుగా నిదానంగా లాగించుకొచ్చి, ఆవిడ కోట ఉత్తరపు గోడ రెండుచోట్ల పడగొట్టాడు. గోడ పడినప్పుడల్లా ఆవిడ తల ఎత్తి అతని వైపు చూడబోయి, మళ్ళీ తెరవైపే చూసింది.